విద్యుత్తు వెళ్ళింది సరే, వేడి ఏమయింది?

అతివాహకాల గురించి తెలుగులో వచ్చిన వ్యాసం ఏదైనా తీసి చదవండి. 1911లో హాలండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌ల దాకా చల్లబరిస్తే దాని విద్యుత్ నిరోధం మాయమైందని మొదటి పేరాలో ఉంటుంది. ‘నిరోధం లేదు కనుక వేడి లేదు’ అని రెండో పేరాలో ఉంటుంది. మూడో పేరాలో పట్టాలకు తగలకుండా తేలిపోయే రైలు వస్తుంది. ఈ వరుసలో అబద్ధమేమీ లేదు. అయినా చదివిన విద్యార్థి మనసులో ఒక తప్పు బొమ్మ మిగిలిపోతుంది. క్వాంటం బిందువుల దగ్గరకు వచ్చేసరికి ఆ తప్పు మరీ పెద్దదవుతుంది. ఇలాంటి వ్యాసాలు రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కనుక ఈ విమర్శ ముందు నాకే వర్తిస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదిస్తూ ‘అతివాహకాలు విద్యుత్తునూ వేడినీ ఏ అడ్డూ లేకుండా మోసుకుపోతాయి’ అని రాశాను. మూలంలో వేడి ఊసే లేదు. ‘అతివాహకం’ అన్న మాటే నా చేత ఆ ముక్క రాయించింది. నెల తిరక్కుండా ఒక డిగ్రీ విద్యార్థి దగ్గర నుంచి కార్డు వచ్చింది. ‘అయ్యా, అతిశీతల యంత్రాల లోపలికి వెళ్ళే తీగల్ని అతివాహకాలతో చేస్తారని మీరే మరోచోట రాశారు. అవి వేడిని కూడా అంత బాగా మోస్తే బయటి వేడంతా లోపలికి పోదా? లోపల చల్లదనం ఎలా నిలుస్తుంది?’ అని అందులో ఉంది. ఒక్క ప్రశ్నతో నా వాక్యం కూలిపోయింది.

మాటలోనే ఉన్న చిక్కు

చిన్న తరగతుల్లో మనం నేర్చుకున్నది గుర్తు చేసుకోండి. వేడి పాలలో పెట్టిన స్టీలు గరిటె కాడ కాలుతుంది, చెక్క గరిటె కాడ కాలదు. లోహం ‘ఉత్తమ వాహకం’, చెక్క ‘అధమ వాహకం’. తర్వాత విద్యుత్తు పాఠంలోనూ అవే మాటలు, దాదాపు అవే వస్తువులు. ఇది ఊరికే కుదిరిన పోలిక కాదు. విద్యుత్తును బాగా మోసే లోహం వేడినీ బాగా మోస్తుందనీ, ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఈ రెండు వాహకతల నిష్పత్తి వేర్వేరు లోహాలకు దాదాపు ఒకటేననీ 1853లో వీడెమాన్, ఫ్రాంజ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు చూపారు. కారణం తేలికే. లోహంలో ఆవేశాన్ని మోసేదీ ఎలక్ట్రానే, వేడిలో ఎక్కువ భాగాన్ని మోసేదీ ఎలక్ట్రానే. కూలీ ఒకడే, మూటలు రెండు.

ఇప్పుడు ఆ ‘వాహకం’ ముందు ‘అతి’ చేర్చండి. రెండు మూటల్నీ అతిగా మోసేదన్న అర్థమే స్ఫురిస్తుంది. జరిగేది మాత్రం వేరు. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. ఈ జంటల ఊహ 1956లో కూపర్‌ది. దాని మీద 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ పూర్తి సిద్ధాంతం కట్టారు. జంటలన్నీ ఒకే క్వాంటం స్థితిలో ఉంటాయి. వాటిలో గజిబిజి అనేది లేదు. గజిబిజి లేనిచోట మోయడానికి వేడి కూడా లేదు. కనుక జంటలు ఆవేశాన్ని మాత్రమే మోస్తాయి. వేడిని మోయాలంటే జంట విడిపోయిన ఒంటరి ఎలక్ట్రాన్లు కావాలి. జంటను విడగొట్టాలంటే కొంత కనీస శక్తి ఖర్చు పెట్టాలి. ఆ కనీసాన్నే శక్తి అంతరం అంటారు.

లెక్క వేసి చూద్దాం. అల్యూమినియం సుమారు 1.2 కెల్విన్‌ల దిగువన అతివాహకం అవుతుంది. అందులో ఒక్కో ఎలక్ట్రానుకు శక్తి అంతరం దాదాపు 0.18 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. 0.1 కెల్విన్ దగ్గర వేడి వల్ల లభించే సగటు శక్తి ఇందులో ఇరవయ్యో వంతు మాత్రమే. ఆ ఉష్ణోగ్రతలో ఒంటరి ఎలక్ట్రాన్లు పుట్టే అవకాశాన్ని నిర్ణయించే గుణకం వంద కోట్లలో ఒక వంతుకు పడిపోతుంది. వేడి మోసే కూలీలే కరువైపోతారన్నమాట. అణువుల జాలకం కంపనాలు కొంత వేడిని మోస్తాయి గాని, అంత చలిలో అవీ బాగా తగ్గిపోతాయి. అందుకే అతిశీతల యంత్రాల్లో నయోబియం-టైటేనియం తీగలు వాడతారు. అవి సంకేతాన్ని లోపలికి రానిచ్చి, వేడిని గడప దగ్గరే ఆపుతాయి. జెనీవా దగ్గరి సెర్న్ సంస్థ భారీ కణ త్వరణయంత్రంలో 13,000 ఆంపియర్ల విద్యుత్తును బయటి నుంచి అతిశీతల అయస్కాంతాలకు చేర్చే దారిలో పింగాణీ జాతి అతివాహకాలను పెట్టింది. అవి వేడికి మహా చెడ్డ వాహకాలు కావడం అక్కడ లోపం కాదు, కావలసిన గుణం.

ఇక్కడ మూడు విషయాలను వేరుచేసి చూడాలి. వేడి పుట్టడం ఒకటి, వేడి ప్రయాణించడం రెండు, ఉష్ణోగ్రత మారడం మూడు. ‘వేడి లేదు’ అన్న రెండు మాటల వాక్యం ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసి మూతి కడుతుంది.

ఆంద్రేయెవ్ వ్యాసానికి జరిగినది

మామూలు లోహాన్ని అతివాహకానికి ఆనించారనుకోండి. లోహంలోంచి ఒక ఎలక్ట్రాను శక్తి అంతరం కన్నా తక్కువ శక్తితో హద్దు దగ్గరకు వచ్చింది. లోపల ఒంటరి ఎలక్ట్రానుకు చోటు లేదు. అది ఏం చేస్తుంది?

ఒక పోలిక చెబుతాను. దంపతులకు మాత్రమే ప్రవేశమున్న వ్రతమండపాన్ని ఊహించుకోండి. ఒక్కడే వచ్చినవాడు గుమ్మం దగ్గర గుంపులోంచి మరొకరిని జతచేసుకుని లోపలికి వెళతాడు. చెప్పులు మాత్రం బయటే వదలాలి. జత వెళ్ళినచోట గుంపులో ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ, వచ్చిన దారినే వెనక్కి జరుగుతూ పోతుంది, చెప్పుల్ని వెంటబెట్టుకుని. ఖాళీ అంటే మీ అర్ధవాహకాల పాఠంలోని రంధ్రమే. చెప్పులంటే ఎలక్ట్రాను తెచ్చిన అదనపు శక్తి. లెక్క చూడండి: లోపలికి వెళ్ళింది రెండు ఎలక్ట్రాన్ల ఆవేశం, వెళ్ళిన వేడి సున్న. తెచ్చిన శక్తినంతా రంధ్రం తిరిగి పట్టుకుపోయింది.

దీన్ని ఆంద్రేయెవ్ పరావర్తనం అంటారు. మాస్కో శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఆంద్రేయెవ్ 1964లో దీన్ని కనిపెట్టాడు. ఆ వ్యాసం విద్యుత్తు గురించి రాసింది కాదు. దాని శీర్షికలో ఉన్నదే ఉష్ణవాహకత. కొన్ని అతివాహకాల్లో, తగినంత అయస్కాంత క్షేత్రం ఉన్నప్పుడు, మామూలు పొరలూ అతివాహక పొరలూ ఒకదాని పక్కన ఒకటి ఏర్పడతాయి. ఆ స్థితిలో వేడి ప్రయాణానికి అనుకున్నదానికన్నా ఎక్కువ అడ్డు ఎందుకు వస్తోందన్నది ఆనాటి ప్రశ్న. ప్రతి హద్దు దగ్గరా వేడి వెనక్కి తిరుగుతోందన్నది ఆంద్రేయెవ్ జవాబు.

1982లో బ్లాండర్, టింకమ్, క్లాప్‌విక్ ఈ పరావర్తనంతో హద్దు దాటే విద్యుత్ ప్రవాహాన్ని లెక్కగట్టాక ప్రయోగశాలల్లో అందరి చూపూ ఆవేశం మీదకు మళ్ళింది. ఒక ఎలక్ట్రాను వస్తే రెండు వెళతాయి కనుక మంచి హద్దు దగ్గర వాహకత రెట్టింపు అవుతుంది. ఈ మాట నిజమే, ఉపయోగకరమైనదే. కాని జనరంజక వ్యాసాల్లో మిగిలింది ఆ ‘రెట్టింపు’ ఒక్కటే. వేడిని వివరించడానికి పుట్టిన ఊహలోంచి వేడినే తీసేసి చెబుతున్నాం. నా ఫిర్యాదు ఇదే.

ఏ బిందువు గురించి మాట్లాడుతున్నాం?

రెండో గందరగోళం క్వాంటం బిందువులది. వీటినే మామూలుగా క్వాంటం డాట్లు అంటున్నారు. 2023లో బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు పత్రికల నిండా రంగురంగుల సీసాల ఫొటోలు వచ్చాయి. అవి ద్రవంలోనో గాజులోనో పెరిగే నానో స్ఫటికాలు. పరిమాణాన్ని బట్టి వాటి రంగు మారుతుంది. మనం చెప్పుకోబోయేది వాటి దాయాది. అర్ధవాహక తీగలోనో, కార్బన్ నానో గొట్టంలోనో, చిన్న బంగారు కణంలోనో ఎలక్ట్రాన్లను ఇరుకు చోట బంధించి, రెండు వైపులా విద్యుదగ్రాలు ఆనిస్తారు. పక్కన గేటు అనే మరో విద్యుదగ్రం ఉంటుంది. గేటు వోల్టేజి పెంచితే ఒక ఎలక్ట్రాను లోపలికి వస్తుంది, తగ్గిస్తే పోతుంది. రంగుతో పని లేదు, లెక్కతోనే పని. పేరు ఒకటే కదా అని రెండింటినీ ఒకే బొమ్మతో వివరించే వ్యాసం పాఠకుణ్ణి దారి తప్పిస్తుంది.

ఈ బిందువును అతివాహకాల మధ్య పెడితే మంచి తగవు మొదలవుతుంది. అతివాహకం ఎలక్ట్రాన్లను జంటలుగా రమ్మంటుంది. బిందువు ఇరుకు ఇల్లు. ఒకటి ఉండగా రెండోది వస్తే వికర్షణ వల్ల శక్తి బాగా పెరుగుతుంది, అందుకని ఒక్కొక్కటే రమ్మంటుంది. ఎవరి మాట నెగ్గుతుందన్నది శక్తుల బలాబలాలను బట్టి ఉంటుంది. 2006లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రజ్ఞులు బిందువులో ఎలక్ట్రాన్ల సంఖ్య మారితే అతివాహక ప్రవాహం దిశే తిరగబడగలదని చూపారు. 2009లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ బృందం ఒక అతివాహకానికి అటూ ఇటూ రెండు బిందువుల్ని పెట్టి జంటలోని ఎలక్ట్రాన్లను చెరో దారినా పంపింది. 2021లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం బృందం గ్రాఫీన్ బిందువులతో చేసిన ప్రయోగంలో, ఇలా జంటల్ని విడదీసే ప్రవాహాన్ని ఉష్ణోగ్రతా భేదంతోనే నడపవచ్చని చూపింది. ఆవేశమూ వేడీ విడాకులు తీసుకున్నాయని కాదు. పాత వీడెమాన్-ఫ్రాంజ్ సంసారం మాత్రం ఇక్కడ సాగదు.

సగటు దాచిపెట్టేది

మూడో లోపం కాలానికి సంబంధించినది. మన పాఠాల్లో ప్రవాహం అంటే నిలకడగా పారే కాలువ. కాని ఈ పరికరాల్లో గేటు వోల్టేజిని సెకనుకు కోట్ల సార్లు ఊపుతారు. అప్పుడు ‘ఎంత ప్రవాహం?’ అని అడిగితే సరిపోదు, ‘ఏ క్షణంలో?’ అని కూడా అడగాలి.

మీ ఇంట్లో వచ్చే విద్యుత్తు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆవేశం సగటు లెక్క కడితే సున్న. ఎంత వెళ్ళిందో అంతా తిరిగొచ్చింది. అయినా ఇస్త్రీపెట్టె కాలుతుంది. ఎందుకంటే ముందుకు పోయినా వెనక్కి వచ్చినా వేడి ఒకే గుర్తుతో చేరుతుంది. ఆవేశానికి రాకపోకలున్నాయి, ఉత్పత్తయిన వేడికి తిరుగు ప్రయాణం లేదు. సగటు ప్రవాహం మాత్రమే చెప్పే వ్యాసం ఈ సంగతిని దాచిపెడుతుంది.

మన విషయానికే సరిగ్గా సరిపోయే ప్రయోగం ఒకటుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ శాస్త్రజ్ఞులు ఇతర దేశాల సహచరులతో కలిసి 2016లో ప్రకటించినది. రెండు అతివాహక విద్యుదగ్రాల మధ్య ఒకే శక్తిస్థాయి పనిచేసే క్వాంటం బిందువును పెట్టి, గేటును ఊపుతూ, ఊపుకు ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున దాటించారు. సినిమా హాలు ముందు ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు వంటిది. ఒక ఊపుకు ఒక ఎలక్ట్రాను కనుక ప్రవాహం ఎలక్ట్రాను ఆవేశాన్ని పౌనఃపున్యంతో గుణించినంత. సెకనుకు 10 కోట్ల ఊపులైతే 16 పికో ఆంపియర్లు. ఎలక్ట్రాను ఆవేశం విలువను 2019 మే 20 నుంచి అంతర్జాతీయంగా స్థిరపరచి, ఆంపియరును దాని మీదే నిర్వచిస్తున్నారు. కనుక ఇలాంటి గేట్ల మీద కొలతల శాస్త్రజ్ఞులకు ఆశ ఎక్కువ.

ఇంతవరకు ఆవేశం కథ. వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. వేడి కథ చూడండి. బిందువులోంచి ఒంటరిగా దిగిన ఎలక్ట్రాను అతివాహకంలో నిలవాలంటే శక్తి అంతరం పైన దిగాలి. అంటే ప్రతి దిగుబడికీ కనీసం 0.18 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అక్కడ చేరుతుంది. సెకనుకు 10 కోట్లయితే దాదాపు 3 ఫెమ్టో వాట్లు. వాటును కోటి కోట్ల ముక్కలు చేసి, ఒక ముక్కను మళ్ళీ పది చేస్తే వాటిలో దాదాపు మూడు. ఇంత చిన్న వేడితో ఏం పోయిందంటారా? మొదట చెప్పుకున్నది గుర్తు తెచ్చుకోండి. అతివాహకం వేడిని మోయదు! దిగిన ఒంటరి ఎలక్ట్రాన్లు త్వరగా చల్లబడక, అక్కడక్కడే తచ్చాడుతూ తర్వాతి ఎలక్ట్రాన్ల లెక్కను పాడుచేస్తాయి. అందుకే ఇలాంటి పరికరాల్లో వాటిని పట్టే బోనులుగా పక్కనే మామూలు లోహపు ముక్కలు పెడతారు. లోహపు ముక్క స్థానంలో బిందువును వాడితే ఈ తిరుగుబోతుల బాధ తక్కువన్నది ఆ ప్రయోగం చూపిన మేలు. వేడి సంగతి చెప్పకపోతే ఈ మేలు ఏమిటో పాఠకుడికి అర్థమే కాదు.

అదే గుణాన్ని తిప్పి వాడుకోవచ్చు కూడా. శక్తి అంతరం జల్లెడ లాంటిది. సరైన వోల్టేజి పెడితే మామూలు లోహంలోని వేడి ఎలక్ట్రాన్లు మాత్రమే అంచు దాటి అతివాహకంలోకి పోతాయి, చల్లనివి మిగులుతాయి. 1994లో నాహుమ్, ఐల్స్, మార్టినిస్ ఇలాంటి సూక్ష్మ శీతలయంత్రాన్ని చేసి చూపారు. ఆ మార్టినిసే 2025లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకడు. 1996లో లైవో, పెకోలా, అవెరిన్ ఎలక్ట్రాన్లను 0.3 కెల్విన్ నుంచి సుమారు 0.1 కెల్విన్ దాకా చల్లబరచారు. విద్యుత్తు ప్రవహిస్తే వస్తువు వేడెక్కుతుందని మాత్రమే చదివిన విద్యార్థికి ఇది ఇంద్రజాలంలా ఉంటుంది. ఆవేశం, వేడి రెండు వేరు ప్రవాహాలని ముందే చెప్పి ఉంటే ఇది పాఠంలా ఉంటుంది.

ఈ క్షణాన వేడి ఎంత?

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఒక క్షణంలో ఎంత ఆవేశం దాటిందో చెప్పడం సులువు. ఎలక్ట్రాను బిందువులో ఉందా, బయట ఉందా అన్నదే లెక్క. శక్తి అలా కాదు. బిందువులో కొంత, విద్యుదగ్రంలో కొంత, రెండింటినీ కలిపే బంధంలో కొంత ఉంటుంది. మూడోది ఎవరి ఖాతాలో రాయాలి? పొలం గట్టు మీది చెట్టు కాయలు ఎవరివన్నట్టు!

నిలకడగా సాగే ప్రవాహంలో ఈ తగవు రాదు. ఎందుకంటే గట్టు మీది నిల్వ మారదు. ఆవృత్తంగా ఊపే గేటులోనూ, ఒక పూర్తి ఊపుకు సగటు తీస్తే తగవు కొట్టుకుపోతుంది. క్షణక్షణానికీ అడిగితేనే తల ఎత్తుతుంది. 2014లో లుడోవికో, లిమ్, మస్కలెట్స్, అరాచియా, సాంచెజ్ మామూలు విద్యుదగ్రానికి ఆనించిన బిందువు విషయంలో దీన్ని పరిశీలించారు. బంధంలోని శక్తిలో సగాన్ని విద్యుదగ్రం ఖాతాలో రాస్తే, నెమ్మదిగా ఊపినప్పుడు ప్రతి క్షణంలోనూ వెలువడే వేడి మనకు తెలిసిన జౌల్ నియమాన్నే పాటిస్తుందని తేల్చారు. అందులోని నిరోధం ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను ఆవేశపు వర్గానికి రెట్టింపుతో భాగించినంత, అంటే దాదాపు 12.9 కిలో ఓములు. బంధం బలం ఎంతైనా ఈ విలువ మారదు.

విద్యుదగ్రం అతివాహకమైతే లెక్క ఇంకా చిక్కు. జంటల ద్వారా చేరిన శక్తిని పనిగా రాయాలి గాని వేడిగా రాయకూడదు. విడిపోయిన ఎలక్ట్రాన్లు తెచ్చినదే వేడి. అంటే ఇక్కడ ‘వేడి’ అన్న మాటకే హద్దులు గీసుకోవాలి. తెల్లవారి లేస్తే వాడే మాటకు అర్థం ఇంకా పదును పెట్టుకుంటున్నారంటే, ఇది ముగిసిపోయిన శాస్త్రం కాదని తెలుస్తుంది. ఇలాంటి చోటే కొత్త విద్యార్థికి పని దొరుకుతుంది. మన వ్యాసాలు దాచిపెట్టేది కూడా సరిగ్గా ఈ చోటునే.

మరి ఎలా రాయాలి?

పోలికలు మానేయమని నేను అనను. నేనూ వ్రతమండపం కట్టాను కదా! కాని పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. ఎలక్ట్రాన్లకు మనుషుల్లా పేర్లు లేవు. ఏది వచ్చింది, ఏది జతయింది అని వేలు పెట్టి చూపలేం. లోపలికి జంట వెళ్ళడం, వెనక్కి రంధ్రం రావడం ఒకదాని తర్వాత ఒకటి జరిగే రెండు పనులు కావు, ఒకే క్వాంటం ప్రక్రియకు రెండు ముఖాలు. నీటి కాలువ పోలికా అంతే. నిలకడ ప్రవాహానికి అది మంచిదే. కాని నీటితో పాటు దాని వేడి కూడా తప్పక కదులుతుంది కనుక అతివాహకం దగ్గర ఆ పోలికను గట్టున వదలాలి.

అనువాదకుడిగా నాదొక సూచన. ‘అతివాహకం’ బాగా నాటుకుపోయిన మాట, దాన్ని పీకనక్కరలేదు. కాని వ్యాసంలో మొదటిసారి వచ్చినచోట ‘విద్యుత్తుకు మాత్రమే’ అని ఒక్క ముక్క చేర్చితే చాలు. నేను ఆనాడు చేర్చిన ముక్కకు ఇది ప్రాయశ్చిత్తం.

ఇదంతా మాటల పట్టింపు అనుకోకండి. క్వాంటం కంప్యూటర్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. అమరావతిలో ఐబీఎం క్వాంటం కంప్యూటరు పెడతామని 2025లో ప్రకటన వచ్చింది. అది అతివాహక వలయాలతో పనిచేసే రకం. అలాంటి వలయాలు కెల్విన్‌లో వందో వంతు, రెండు వందో వంతుల దగ్గర పనిచేస్తాయి. అంత చలిలో పెద్ద శీతలయంత్రం కూడా తోడెయ్యగలిగిన వేడి కొన్ని పదుల మైక్రో వాట్లకు మించదు. ‘నిరోధం లేదు కనుక వేడి లేదు’ అని నేర్చుకున్నవాడు అక్కడ మొదటి రోజే తడబడతాడు.

కనుక ఇకమీదట ఇలాంటి వ్యాసం చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ప్రవహించేది ఆవేశమా, వేడా? చెప్పింది సగటా, ఆ క్షణపు విలువా? పోలిక ఎక్కడ తెగుతుందో రచయిత చెప్పాడా? జవాబు దొరక్కపోతే రచయితకు ఒక కార్డు ముక్క రాయండి. నాకు వచ్చిన కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో, ‘వాహకం’ ఉన్న పేజీలోనే ఉంది.